మిగిలిపోయిన ప్యాకింగు

రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా ఇంట్లో ఫోను మోగిందంటే కారణాలు రెండే. బెజవాడ నుంచి మా ఆవిడ అక్కగారు ఆ పూట వండిన కూర సంగతి చెప్పడానికైనా అయివుండాలి, లేకపోతే బంధువుల్లో ఎవరో పోయారన్న కబురైనా అయివుండాలి. అంచేత 2022 డిసెంబరులో ఒక రాత్రి ఫోను మోగేసరికి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఎవరండీ? ఏ వూర్నించి?" అంది.

"ఖార్కీవ్ నుంచి" అన్నాను.

"అక్కడ మనకెవరున్నారూ?" అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది. పెళ్ళయిన కొత్తలో నేను చెప్పిన కబుర్లలో సగం ఆ వూరివే. విని విని విసిగి, "మళ్ళీ ఆ మంచు గొడవ మొదలెట్టారా" అని మా పిల్లల్ని కూడా నా మీదికి ఉసిగొల్పిన మనిషి.

ఫోన్లో ఉన్నది మా తాతగారి మనవరాలు. మా తాతగారంటే రక్తసంబంధం కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఆ పిల్లకి - పిల్లేమిటి, నలభై అయిదేళ్ళ మనిషి - నేను "ద్యాద్య"ని. అంటే మన బాబాయో మావయ్యో, అలాంటిదన్నమాట. చీకట్లో టార్చిలైటు వెలుగులో మొహం సగమే కనబడుతోంది.

"ద్యాద్యా, మీకు మా తాతయ్య కారు గుర్తుందా? దాని పేచ్కా అంటుకోవడం లేదు. ఎలా అంటించాలో చెబుతారా?" అంది.

పేచ్కా అంటే రష్యన్‌లో పొయ్యి. కారుకి పొయ్యేమిటని మా ఆవిడ అడిగినట్టే మీరూ అడుగుతారు గనక అక్కణ్ణించే మొదలెడతాను.

మనది ఎండల దేశం. మన బళ్ళకి చల్లబరిచే యంత్రం కావాలిగాని వేడిచేసే యంత్రంతో పనిలేదు. చలిదేశాల్లో మామూలు కార్లకి కూడా ఆ ఏర్పాటుకి పెద్ద కష్టమేం లేదు. మన అంబాసిడర్ కారులో రేడియేటర్ నీళ్ళు సలసలా కాగడం, బానెట్ ఎత్తి డ్రైవరు దూరంగా నిలబడటం ఎరిగిన వాళ్ళమే గదా. ఆ వేడినీళ్ళనే కాస్త సన్నగొట్టంలోకి మళ్ళించి, వెనకనుంచి ఫ్యాను కొడితే లోపల కూర్చున్నవాళ్ళకి వెచ్చగా ఉంటుంది. ఖర్చులేని వేడి. కాని సోవియట్ వాళ్ళు చేసిన జపరోజెత్స్ కారుకి నీళ్ళే లేవు. మన బుల్లెట్ మోటారు సైకిలు లాగా గాలి తగిలి చల్లబడే ఇంజను దానిది. పైగా ఇంజను వెనక, డిక్కీ ముందు. నీళ్ళు లేనప్పుడు వేణ్ణీళ్ళెక్కడివి? అంచేత ఆ కారుకి విడిగా ఒక చిన్న పొయ్యి పెట్టారు, ముందు డిక్కీలో. అది కాల్చేది పెట్రోలు. ఇంజనుతో సంబంధం లేదు. బండి ఆగివున్నా వెలిగించుకోవచ్చు.

పెట్రోలు పొయ్యి పక్కన పెట్టుకుని ప్రయాణమా అని జడుసుకోకండి. జర్మనీలో ఫోక్స్‌వాగన్ బళ్ళకి కూడా ఇలాంటివి అడిగితే అమర్చేవారు. ఇవాళ పాత కార్లు ముద్దుచేసుకునే వాళ్ళంతా ఇంజనుకంటే ఎక్కువగా ఈ పొయ్యితోనే తంటాలు పడుతుంటారు.

దాని లోపలి సంగతి అర్థం కావాలంటే మన చిన్నప్పటి రాగి బాయిలర్‌ని తలుచుకోండి. నడిమధ్య గొట్టం. గొట్టంలో బొగ్గులు. చుట్టూ నీళ్ళు. నిప్పు నీటిని తాకదు, నీరు నిప్పుని తాకదు, మధ్యన రాగి గోడ ఒక్కటే. పండగనాడు పొద్దున్నే మా నాయనమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి మరీ వెలిగించేది. పేచ్కా కూడా అచ్చం అదే, కాకపోతే నీళ్ళకి బదులు గాలి. మధ్యన రేకుగది, అందులోకి చుక్క చుక్కగా పెట్రోలు, ఎర్రగా కాలే తీగచుట్ట ఒకటి దాన్ని అంటిస్తుంది. ఆ మంటకి కావలసిన గాలి ఒక చిన్న ఫ్యాను తోస్తుంది. ఆ పొగ వేరే గొట్టంలోంచి బండి కిందికి పోతుంది. రేకుగది బయట తిరిగే గాలి వేడెక్కి మన కాళ్ళదగ్గరికి వస్తుంది. రెండు గాలులు. పక్కపక్కనే ప్రవహిస్తాయి, కలవకూడదు. కలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ తెలివి ఉత్తినే రాలేదు.

నేను ఖార్కోవ్ - అప్పట్లో అలా అనేవాళ్ళం - వెళ్ళింది 1979లో. గుడివాడలో విశాలాంధ్ర పుస్తకాల వ్యాను దగ్గర రూపాయికీ అర్ధరూపాయికీ అట్ట బొమ్మలున్న తెలుగు సోవియట్ పుస్తకాలు కొనుక్కుని, అందులోని మంచుని చదివి చదివి, తీరా ఆ మంచులోకే ఇంజనీరింగు చదవడానికి స్కాలర్‌షిప్ మీద వెళ్ళినవాణ్ణి. పుస్తకంలో మంచు చల్లగా ఉండదని అప్పుడు తెలిసింది.

మా హాస్టలు వెనక ఒక గరాజుల వరస ఉండేది. రేకు తలుపులు, ఇటిక గోడలు, మన రైల్వే గోడౌన్లలాగా. పేరుకి బండి పెట్టుకునే చోటేగాని, అది మగవాళ్ళ రచ్చబండ. ఒక్కొక్క గరాజులో బంగాళాదుంపల బస్తాలూ, ఊరగాయ సీసాలూ, ఇంట్లో భార్య పారేయమన్న సామాన్లూ. అక్కడ కనబడ్డారు తాతగారు. యుద్ధంలో ఎడమకాలు మోకాలి పైదాకా పోయింది. కాలు పోయినవాళ్ళకి ప్రభుత్వం చేత్తో నడుపుకునే ఏర్పాటుతో జపరోజెత్స్ కార్లు ఇచ్చేది. ఆయనకీ ఒకటి ఇచ్చారు. ఇంజనుకి గాలి పట్టడం కోసం దాని వెనక రెండు పక్కలా రెండు చెవుల్లా పొడుచుకొచ్చి ఉండేవి. అందుకని ఊరంతా దాన్ని 'ఉషాస్తి' అనేవాళ్ళు. చెవులది అని అర్థం. నేను మాత్రం చెవులపిల్లి అని పేరు పెట్టుకున్నాను.

ఒకరోజు ఆయన నేలమీద కూలబడి ఒక పానా కోసం చెయ్యి చాస్తుంటే అందించాను. అంతే. మర్నాటి నుంచి నా ఉద్యోగం ఖరారయిపోయింది. "సినోక్, అది పట్టుకో. సినోక్, ఇది విప్పు." సినోక్ అంటే ఒరే అబ్బాయ్ అని. పని అయ్యాక వాళ్ళావిడ నల్ల రొట్టె, బీట్‌రూట్ చారు పెట్టేది. అందులో తాలింపు లేకపోయినా, ఇంటి వంట ఇంటి వంటే గదా.

పేచ్కా గురించి ఆయన చెప్పిన పాఠాలు మా ఇన్‌స్టిట్యూటులో ఎవరూ చెప్పలేదు. మొదట స్విచ్చి తిప్పి తీగచుట్ట ఎర్రబడేదాకా ఆగాలి. ముందు బోర్డు మీద చిన్న నమూనా తీగ ఒకటి ఉంటుంది. లోపలి చుట్టా, ఈ నమూనా ఒకే వరసలో ఉంటాయి గనక, ఇది ఎర్రబడితే అదీ ఎర్రబడినట్టు. ఇది నల్లగా ఉంటే లోపలిది తెగిపోయినట్టు. ఇంత సుళువైన పరీక్ష నేను ఇంతవరకు ఏ యంత్రంలోనూ చూడలేదు. తర్వాత ఫ్యాను, పెట్రోలు పంపు. పంపు 'టుక్కు టుక్కు' మంటుంది. కాసేపటికి 'భుస్సు'మని ఒక ఊపిరి. అదే అంటుకోవడం. అంటుకోకపోతే వెంటనే మళ్ళీ ప్రయత్నించకూడదు. లోపల పెట్రోలు పేరుకుని ఉంటుంది. అది కారిపోవడానికి కింద సన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మూసుకుపోయి ఉంటే, మీరు రెండోసారి అంటించినప్పుడు భుస్సుమనదు, ఢామ్మంటుంది. పక్క గరాజు ఆయన కనుబొమలు అలా పోయినవే.

ఇంకొకటి. ఆర్పేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉండాలి, రేకు చల్లబడేదాకా. మన చుట్టాలు "వెళ్ళొస్తాం" అని లేచాక గేటు దగ్గర అరగంట మాట్లాడతారు చూడండి, అలాగ. "దాన్ని తొందరపెట్టకు" అనేవారు తాతగారు.

1982 నవంబరులో ఆ పేచ్కా మొండికేసింది. నమూనా తీగ ఎర్రబడలేదు. చుట్ట తెగిందన్నమాట. కొత్త చుట్ట దొరకడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఏ షాపులో అడిగినా ఒకటే జవాబు, "దెఫిత్సీత్". మన రేషను షాపులో "స్టాకు లేదు" అంటారే, దానికి అక్కడి ముద్దుపేరు. చివరికి పుట్టగొడుగుల ఊరగాయ రెండు సీసాలిచ్చి ఎవరి దగ్గరో ఒక చుట్ట సంపాదించారు. ఎలాగూ విప్పుతున్నాం గదా అని మొత్తం పొయ్యి దింపేశాం. లోపల మసి చూస్తే మా వూళ్ళో హోటలు పొయ్యి గొట్టం నయమనిపించింది. తీగబ్రష్షుతో రెండు ఆదివారాలు తోమాను. పెట్రోలు వచ్చే సన్నబెజ్జానికి మా అమ్మ పంపు స్టవ్వుకి పొడిచినట్టే పిన్ను పొడిచాను. మూడో ఆదివారం బిగించే వేళకి తాతగారికి జలుబు చేసి ఇంట్లో పడుకున్నారు. "నువ్వే బిగించెయ్యి, నీకొచ్చు" అని కబురు పంపారు.

నాకొచ్చు! ఇరవై రెండేళ్ళవాడికి ఆ మాట చాలదూ? ఈలవేసుకుంటూ బిగించాను. నట్లన్నీ సరిపోయాయి. ఒక్క ప్యాకింగు మాత్రం మిగిలింది. బిస్కత్తంత ఆస్‌బెస్టాస్ చుట్టు, మధ్యలో బెజ్జం. రెండు రేకులు కలిసేచోట పొగ బయటికి రాకుండా పెట్టేది.

నిజం చెబుతున్నాను, మిగిలిందని చూశాను. మళ్ళీ అంతా విప్పాలి. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. హాస్టల్లో ఆవేళ మనవాళ్ళు ఎక్కణ్ణించో సంపాదించిన కందిపప్పుతో పప్పు వండుతున్నారు. 'ఇది అదనపుదై ఉంటుంది, తాతగారు పాతదీ కొత్తదీ రెండూ పక్కన పెట్టుంటారు' అనుకున్నాను. అనుకుని కోటు జేబులో వేసుకున్నాను. అదనపుదే అయితే బల్లమీద పెట్టొచ్చుగదా, జేబులో ఎందుకు వేసుకున్నట్టు? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోవడానికి మూడు వారాలు పట్టింది.

అంటించి చూశాను. భుస్సుమంది. బ్రహ్మాండంగా వెలిగింది.

డిసెంబరు చివరి ఆదివారం చుగుయెవ్ అవతల ఒక పల్లెకి బయల్దేరాం. చుగుయెవ్ అంటే ఇల్యా రేపిన్ అనే గొప్ప చిత్రకారుడు పుట్టిన వూరు, ఖార్కోవ్‌కి ఓ నలభై కిలోమీటర్లు. ఆ పల్లెలో మామ్మగారి చెల్లెలుంది. కొత్త సంవత్సరానికి కావలసిన ఊరగాయలూ అవీ తెచ్చుకోవాలి. ముందు సీట్లలో తాతగారు, నేను. వెనక మామ్మగారు, అయిదేళ్ళ మనవరాలు. పిల్ల తల్లికి ఆవేళ డ్యూటీ ఉండి రాలేదు. వెళ్ళేటప్పుడు ఎండ ఉంది గనక పొయ్యి కాసేపే వేశాం. వచ్చేటప్పుడు చీకటి పడింది. సున్నాకి పదిహేను డిగ్రీలు కిందికి. అద్దాలన్నీ బిగించి పొయ్యి పూర్తిగా పెట్టాం. "చూశావా, మా ఇండియన్ ఇంజనీరు పనితనం! కాళ్ళు కాలిపోతున్నాయి!" అని తాతగారు వెనక్కి తిరిగి చెబుతున్నారు. నేను వినయంగా నవ్వుతున్నాను. ఏదో కాస్త వాసన. కొత్తగా తోమిన రేకు గదా, చేతి జిడ్డు కాలుతోందనుకున్నాను.

కాసేపటికి తలనొప్పి మొదలైంది. పల్లెలో మర్యాదకి పుచ్చుకున్న సొంత సారా అనుకున్నాను. వెనక మామ్మగారు మాటలు ఆపేశారు. ఆవిడ మాటలు ఆపడమనేది నేనెరిగి ఆ రోజే. పిల్ల నిద్రపోయింది. ఉన్నట్టుండి నిద్రలోనే వాంతి చేసుకుంది.

తాతగారు బండి ఆపిన తీరు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. తలుపు తన్ని, "గాలి! అందరూ బయటికి!" అని అరిచారు. ఒంటికాలు మనిషి, చేతికర్ర వెతుక్కోకుండా బండిని పట్టుకుని గెంతుతూ వెనక్కొచ్చి, సీటు మడిచి పిల్లని మంచులోకి లాగారు. నేను దిగబోతే మోకాళ్ళు నావి కావు. ఆ రోడ్డు పక్కన, ఆ చలిలో, పిల్ల మొహాన్ని మంచుతో రుద్దుతూ మేం ముగ్గురం ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విని మామ్మగారు కూడా ఏడ్చారు, సంతోషంతో.

బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకుని పడుకున్న ఇంట్లో తెల్లారి ఎవరూ లేవకపోవడం మన పల్లెల్లో విన్నదే. అదే ఇది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, తనకంటూ వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువుని మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు ఒకసారి పట్టిందంటే లేవదు. నాకు వచ్చిన వాసన పొయ్యి పొగలో దాని వెంట వచ్చిన ఇతర సరుకుది. అదృష్టం కొద్దీ అదైనా వచ్చింది. నేను పట్టించుకోలేదు, అంతే. (ఈ మధ్య మన వూళ్ళలో కూడా స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకుని, కిటికీ మూసుకుని ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. మా ఇంట్లో స్నానాలగది వెంటిలేటరు అద్దం నేనే పీకేశాను. మా కోడలికి అందువల్ల బల్లులొస్తాయని కోపం.)

మిగతా ముప్పై కిలోమీటర్లు పొయ్యి ఆర్పి, అద్దాలు దించి, దుప్పట్లూ న్యూసుపేపర్లూ చుట్టుకుని వచ్చాం. నేను మాట్లాడలేదు. కుడిచెయ్యి జేబులో ఆ చుట్టుని పట్టుకుని ఉంది.

ఇంటి దగ్గర ఆడవాళ్ళని దింపి, బండి గరాజులో పెట్టాక తాతగారు తలుపేసి, దీపం వేసి, నా వైపు తిరిగారు. "సినోక్, ఏం మిగిలింది?" అన్నారు. మిగిలిందా అని అడగలేదు, చూడండి. ఏం మిగిలింది అన్నారు. తీసి ఇచ్చాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చూసి, గోడకున్న మేకుకి తగిలించారు. మర్నాడు పొద్దున్న క్లాసు మాన్పించి నాచేతే మొత్తం విప్పించి, కొత్త చుట్టు కత్తిరించి పెట్టించి, విప్పిన ప్రతి ముక్కా వరసగా పాత ప్రావ్దా పేపరు మీద పేర్పించి, బిగించాక పేపరు ఖాళీగా ఉందా లేదా చూపించమన్నారు. ఇంకొక నియమం కూడా ఆ రోజే పుట్టింది: పొయ్యి వెలుగుతున్నంతసేపు అద్దం రెండు వేళ్ళ సందు దించి ఉండాల్సిందే, ఎంత చలైనా సరే.

ఇంట్లో మాత్రం "పొగ గొట్టం తుప్పు పట్టి పగిలింది, పాత బండి గదా" అని చెప్పారు. మామ్మగారు నాకు పెట్టే రొట్టెలో ఒక ముక్క కూడా తగ్గలేదు. ఆ రొట్టె మింగడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను? చెప్పేద్దామని రెండు మూడుసార్లు నోరు తెరిస్తే తాతగారు చారు గిన్నె నా వైపు తోసేవారు. 1985లో నేను వచ్చేశాను. తొంభైల్లో ముందు ఆయనా, తర్వాత మామ్మగారూ పోయారు. చెప్పనేలేదు.

ఇప్పుడు మళ్ళీ ఫోను దగ్గరికి వద్దాం. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఆ వూరి మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఆ అక్టోబరు నుంచి కరెంటు కేంద్రాల మీద దాడులు. కరెంటు పోతే ఇళ్ళల్లో రేడియేటర్లకి వేణ్ణీళ్ళు తోసే పంపులు కూడా ఆగుతాయి. వాళ్ళది సల్తోవ్కా పేట, ఆ వూళ్ళో ఎక్కువ దెబ్బతిన్న చోట్లలో ఒకటి. తల్లికి డెబ్బై దాటాయి. "గరాజులో కూర్చుని తలుపు బిగించి తాతయ్య పేచ్కా వేసుకుంటే రాత్రి గడిచిపోతుంది గదా ద్యాద్యా" అంది ఆ పిల్ల. బండిని వాళ్ళాయన పదేళ్ళుగా ముద్దుగా చూసుకుంటున్నాడట. ఆయనిప్పుడు ఇంటి దగ్గర లేడంది. ఎక్కడున్నాడని నేనడగలేదు.

నేను ఫోన్లో పెట్టిన కేకకి మా ఆవిడ గరిటె జారవిడిచింది. తలుపు బిగించొద్దు! గరాజులో వెలిగించనేవద్దు! నా రష్యన్ ముప్పై ఏడేళ్ళ తుప్పు పట్టి ఉంది. సగం మాటలు రాక చేతులతో చెప్పాను. బండిని బయటికి తొయ్యమన్నాను. అది శాంతించాక ఒక్కొక్కటే అడిగాను. నమూనా తీగ ఎర్రబడుతోందా? ఎర్రబడుతోంది, కాస్త మందంగా. ఫ్యాను తిరుగుతోందా? తిరుగుతోంది. పొగ? తెల్లగా వస్తోంది, పెట్రోలు వాసన. అయితే చుట్ట బాగానే ఉంది, పెట్రోలు వస్తోంది, అంటుకోవడానికి వేడి చాలడం లేదు. బ్యాటరీ నీరసం. బయట ఇంజను స్టార్టు చేసి, అది తిరుగుతుండగా వెలిగిస్తే కరెంటు బలంగా వచ్చి అంటుకుంటుంది. ముందు పేరుకున్న పెట్రోలు కారిపోయేదాకా ఆగాలి. ఇంతవరకు సుళువే.

"పొయ్యిని ఈమధ్య ఎవరైనా విప్పారా?" అన్నాను.

"మా ఆయన విప్పి కడిగారు, పోయిన ఏడాది. మళ్ళీ బిగించారు."

"ప్యాకింగు మార్చాడా?"

"తెలీదు." ఓ క్షణం ఆగి, "గోడమీద మేకుకి ఒకటి వేలాడుతోంది. అదేనా మీరనేది? దాన్ని తాతయ్య ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అమ్మని అడిగినా ఎందుకో తెలీదంటుంది. మా ఆయన కూడా అలాగే ఉంచేశారు" అంది.

టార్చి అటు తిప్పింది. కనబడింది. నలభై ఏళ్ళ దుమ్ముతో, అదే మేకుకి.

మా ఆవిడ నా మొహం చూసి పక్కన కూర్చుంది. నేను చెప్పేశాను, మొత్తం. తప్పు వ్యాకరణంతో, ఆడమగ విభక్తులు తారుమారుగా. జేబు సంగతితో సహా. నువ్వు వాంతి చేసుకున్నావు, గుర్తుందా అన్నాను. అటునుంచి మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. పోలేదు.

"నాకు మంచు మాత్రం గుర్తుంది" అంది చివరికి. "తాతయ్య మొహానికి మంచు రుద్దాడు. ఆట అనుకున్నాను." మళ్ళీ కాస్సేపటికి, "ఇంతకీ ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది.

విప్పమన్నాను. వాళ్ళాయన పెట్టాడో లేదో మనకి తెలీదు. తెలీని పొయ్యి దగ్గర ముసలమ్మని కూర్చోబెట్టకూడదు. మేకు మీది దాన్ని వాడొద్దు, ఊడి పొడైపోతుంది. ఆస్‌బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదని ఇప్పుడు తెలుసు గనక ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిపి తుడవమన్నాను. ఆ రాత్రి వాళ్ళు దుప్పట్లతోనే గడిపారు. మర్నాడు పగటి వెలుతురులో ఆ పిల్ల ఒక్కతే విప్పింది. పేపరు పరిచి ముక్కలన్నీ వరసగా పేర్చి ఫొటో పంపింది. వాళ్ళాయన ప్యాకింగు పెట్టాడు, బాగానే పెట్టాడు. కాని విప్పితే చిరిగింది. గరాజులో వెతికితే అతని సామాన్లలో వేడికి తట్టుకునే కొత్తరకం షీటు ముక్క దొరికింది. కత్తెరతో చుట్టు కత్తిరించింది.

ఆ సాయంత్రం మళ్ళీ ఫోను. ఈసారి బండి బయట, మంచులో. చెవులపిల్లి చెవులు రెండూ కనబడ్డాయి. ఇంజను తిరుగుతోంది. ఫోను ముందు డిక్కీ అంచున పెట్టింది.

"ఏమైనా మిగిలాయా?" అన్నాను.

"పేపరు ఖాళీ" అంది.

టుక్కు టుక్కు. టుక్కు టుక్కు. మా ఆవిడ కూడా ఊపిరి బిగబట్టింది. భుస్సుమంది.

తల్లిని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, అద్దం దించింది. ఎంత దించిందో నాకు చూపించడానికి సందులో రెండు వేళ్ళు పెట్టి ఆడించింది. ఆ పెద్దావిడ ఫోను వైపు వంగి, ఎవరు ఈయనా అని కూతుర్ని అడిగింది.

"గుర్తులేదా అమ్మా? తాతయ్య పేచ్కా బాగుచేసిన ఇండియన్" అంది ఆ పిల్ల.